మధ్యలో నాలుగు వారాలు

పాపకి ఈరోజు సూది వేయనని నర్సు తేల్చి చెప్పేసింది. పాపని తీసుకొచ్చిన మేనమామకి, అదే కళ్ళజోళ్ళ షాపతనికి, ఒళ్ళు మండింది.

"ఒక వారం ఆగి వచ్చాం కదండీ! ఇంకా ఏం కావాలి?"

"వారం చాలదు. పోయినసారి రెండు టీకాలూ ఒకేరోజు వేస్తానంటే వద్దన్నది మీరే."

నిజమే. అక్కకి ఆఫీసులో సెలవు దొరక్క, స్కూల్లో చేరబోయే కూతుర్ని తమ్ముడికి అప్పగించింది. తట్టు టీకాకే పాప క్లినిక్ ఎగిరిపోయేలా ఏడ్చింది. మేనమామ గుండె కరిగిపోయి, చికెన్‌పాక్స్ టీకా తర్వాత చూద్దామన్నాడు. జాలిపడేవాళ్ళు క్యాలెండర్ చూడరు.

"ఈ రెండూ ఒకేరోజు వేయచ్చు. విడివిడిగా అయితే మధ్యలో నాలుగు వారాలు ఆగాలి. అప్పుడే చెప్పాను. మీరు బుద్ధిగా తలూపారు కూడా."

"సోమవారం నుంచి స్కూలండీ. టీకాలు పూర్తి కాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. అక్క నన్ను బతకనివ్వదు."

"మరి తలెందుకు ఊపారు?"

అతను నేలచూపులు చూశాడు. పాప కుర్చీలో కాళ్ళాడిస్తూ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"మీ కళ్ళజోడు జారిపోతుంటే మాటిమాటికీ వేలితో పైకి తోసుకుంటున్నారు. అది చూస్తూ ఉండిపోయాను. మీరేం చెప్పారో ఒక్క ముక్క కూడా వినలేదు."

నర్సు బుగ్గలు ఎర్రబడ్డాయి. కోపమో, కాదో ఆమెకే తెలియాలి. స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసింది. ఒక్క టీకా మిగిలిందనీ, గడువు పూర్తి కాకుండా వేయకూడదనీ, నాలుగు వారాలు కాగానే తనే వేస్తాననీ చెప్పింది. అవతలి నుంచి ప్రశ్న మీద ప్రశ్న.

"సోమవారం పంపమన్నారు," అంది ఫోన్ పెట్టేసి.

"చాలా థాంక్సండీ! ఈసారి నేనే దగ్గరుండి..."

"వద్దు. పాపని వాళ్ళమ్మతో పంపండి."

అతని మొహం వాడిపోయింది. "అంత పెద్ద తప్పు చేశానా?"

"తప్పు నాది కూడా." ఆమె గొంతు తగ్గించింది. "ఆ రోజే మిమ్మల్ని కూర్చోబెట్టి నచ్చచెప్పాల్సింది. ఇంకోసారి వస్తారు కదా అనిపించి ఊరుకున్నాను. అందుకే, పాపకి టీకా వేసేటప్పుడు మీరు నా ఎదురుగా ఉండొద్దు."

"అయితే ఇక రావద్దా?"

"ఆదివారం నాకు డ్యూటీ లేదు. నేనే వస్తాను, షాపు మూయకండి."