వెళ్ళొస్తామన్న మాట

నాలో చెప్పుకోదగ్గ మంచి గుణం ఒకటుంది. ఎక్కడికి వెళ్ళినా సరే, తిరిగి బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తానండీ" అని చెప్పకుండా కదలను. ఈ రోజుల్లో ఈ మర్యాద ఎవరికుంది? ఫోన్ చూసుకుంటూ లేస్తారు, చూసుకుంటూనే మాయమైపోతారు. నేనలాంటివాణ్ణి కాదు. క్షౌరం చేసినవాడికి చెప్తాను, బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని నిలబడ్డాయనకి చెప్తాను. ఒకసారి పుచ్చుపన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకేసిన డాక్టరుకి కూడా, నోటినిండా దూదితో, చెప్పే వచ్చాను.

"అందుకేగా మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాల్సొచ్చింది," అంటుంది మా ఆవిడ. "మీరు వస్తానన్నారు. ఆయన రప్పించుకున్నాడు."

తను ఆసుపత్రిలో నర్సు. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా" అని అడిగే మనిషిని. డ్యూటీ దిగేసరికి తనకి కళ్ళు మూతలు పడిపోతాయి, షాపు మూసేసరికి నా నడుము నాది కాదు. మా ఇద్దరి మధ్యా, అలసట అంటే ఏమిటో తెలియని ఒక కూతురు. రెండో తరగతి. ముద్దుపేరు పిడుగు. ముగ్గురం మూడు దిక్కుల నుంచి ఇల్లు చేరాలంటే కారుండాలి. కొత్తది కొనలేం కనక, పాత కారులో ఉన్న సుఖాల గురించి మా ఆవిడకి నేనే ఒక పూట ఉపన్యాసమిచ్చాను.

కారు అమ్మినావిడ పెద్ద ఇంట్లో ఒక్కతే ఉన్నట్టుంది. వరండాలో కుర్చీలన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి.

"ఎందుకమ్మేస్తున్నారండీ?" అనడిగాను.

"ఎక్కడానికి మనుషులు లేరు," అంది.

నేను బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, ఇంజిన్‌కి చెవి ఆనించి విన్నాను. ఇంజిన్ల గురించి నాకు తెలిసిందంతా అన్నం తింటూ ఫోన్‌లో చూసిన వీడియోల పుణ్యమే. "గుండె గట్టిదే," అని తేల్చాను. రోజూ నిజం గుండెలు చూసే మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది.

తాళాలు పుచ్చుకుని, "వెళ్ళొస్తామండీ," అన్నాను.

అలా అంటే ఎవరైనా ఏమంటారు? "మంచిది, వెళ్ళి రండి" అంటారు. ఆవిడ అనలేదు. గేటు పట్టుకుని, కారు వెనక సీటువైపే చూస్తూ, "వెళ్ళండి," అంది. అంతే.

"అదేం మాటండీ, కుక్కని అదిలించినట్టు!" అని దారంతా గొణిగింది మా ఆవిడ.

"అలసిపోయి ఉంటుందిలే," అన్నాను. ఆ రోజుల్లో నాకు అందరూ అలసిపోయినట్టే కనిపించేవారు.

కొన్నాళ్ళు బండి బుద్ధిగానే నడిచింది. తర్వాత మూడో గేరు మొండికేసింది. వేస్తే పడేది, పడ్డాక నిలిచేది కాదు. మెల్లగా, ఎవరో రెండువేళ్ళతో లాగినట్టు, న్యూట్రల్‌లోకి జారిపోయేది. క్లచ్ మార్పించాం. అప్పుడు ఇంజిన్‌కి ఆయాసం పట్టుకుంది. చిన్న ఎత్తు వచ్చినా రొప్పేది. మా మెకానిక్‌కి మేం పెట్టుకున్న పేరు సర్జన్. హారన్ మోగకపోయినా "విప్పి చూడాలి సార్" అంటాడు.

"నిజం చెప్పండి సార్, డిక్కీలో ఏం పెట్టి తిప్పుతున్నారు?"

"స్టెప్నీ ఉందయ్యా. ఇంకేముంటుంది?"

"ఖాళీ బండి ఇలా లాగదు సార్. ఎవర్నో ఎక్కించుకున్నట్టు లాగుతోంది."

"మా అత్తగారు కూడా ఈమధ్య రావడం లేదే," అన్నాను.

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంజిన్ విప్పాడు, గేర్‌బాక్స్ విప్పాడు. లోపల ఏ తప్పూ దొరకలేదు. బిగించాక మాత్రం రెండు నట్లు మిగిలాయి. అవి దాచుకోమని నా చేతికే ఇచ్చాడు.

ఆ తర్వాత గంట మొదలైంది. వెనక కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే టింగ్... టింగ్... అని మోగుతుంది చూడండి, అది. సరిగ్గా నా వెనక సీటుకి మోగేది. ఆ సీట్లో ఎవరూ ఉండేవారు కాదు. పిడుగు ఎప్పుడూ అటుపక్క కిటికీ దగ్గరే కూర్చుంటుంది. "సెన్సార్ పోయింది సార్," అని సర్జన్ వైరు పీకేశాడు. వైరు పోయింది. గంట పోలేదు.

చివరికి ఉపాయం పిడుగే కనిపెట్టింది. పక్కకి వంగి, ఆ ఖాళీ సీటు బెల్టు లాగి పెట్టేసింది. గంట టక్కున ఆగిపోయింది.

"పెట్టుకోకపోతే మోగదా మరి!" అంది, తరగతిలో ఎవరి మీదో టీచరుకి చెప్తున్నట్టు.

నేను శభాష్ అని అద్దంలో చూశాను. ఖాళీ సీటుకి పెట్టిన బెల్టు ఎలా ఉంటుంది? సీటుకి అతుక్కుని ఉంటుంది. ఇది అతుక్కుని లేదు. ఒక ఛాతీ పట్టేంత ముందుకి వచ్చి, గాలిలో వంపు తిరిగి నిలబడి ఉంది.

పాత బెల్టు, బిగుసుకుపోయిందనుకున్నాను. అలసిన మనిషికి ఏ కారణం చెప్పినా సరిపోతుంది. తనకి తనే చెప్పుకుంటే మరీను.

ఆ సాయంత్రం వాన. ఈత క్లాసు నుంచి పిడుగుని ఎక్కించుకుని ఆసుపత్రివైపు బయల్దేరాను. మా ఆవిడ గేటు దగ్గర ఎదురుచూస్తుంటుంది. దారిలో కొండ కింద సొరంగం ఒకటి దాటాలి. లోపలికెళ్ళగానే వాన చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోయింది. వైపర్లు మాత్రం పొడి అద్దం మీద కీచుకీచుమని ఏడుస్తున్నాయి. గోడలు చెమ్మగా ఉన్నాయి. పైన వరసగా పసుపు దీపాలు. కారు నిండా పిడుగు తడిజుట్టు నుంచి ఈతకొలను మందు వాసన.

సొరంగం మధ్యలో దారి కాస్త ఎత్తు ఎక్కుతుంది. ఇంజిన్ రొప్పడం మొదలుపెట్టింది. మూడో గేరు జారిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది. క్లచ్ కాలిన వాసన. బండి ఒక్కసారి వణికి, ఆగిపోయింది.

మా ముందున్న దీపం ఆరింది. దాని ముందుది కూడా. ఆ తర్వాతవి, ఒకదాని వెనక ఒకటి, చివరిదాకా.

"నాన్నా..."

"ఏం లేదమ్మా. కరెంటు పోయింది. అంతే."

ఆ వేళప్పుడు ఆ దారి బళ్ళతో కిటకిటలాడుతుంది. వెనక నుంచి ఒక్క లైటూ రాలేదు. తాళం తీసి మళ్ళీ పెడదామని బయటికి లాగాను. అద్దాల షాపు మనిషిని కదా, ఏది పనిచేయకపోయినా తీసి, తుడిచి, మళ్ళీ పెడతాను. చొక్కాకి తుడుస్తున్నాను.

టింగ్...

తాళం నా చేతిలో ఉంది.

టింగ్... టింగ్...

క్లచ్ వాసన కిందనుంచి ఇంకో వాసన మెల్లగా పైకి తేలింది. మూసేసిన గదిలో ఏళ్ళ తరబడి మేకుకి వేలాడిన కోటు వాసన. నా మెడ వెనకనుంచే వస్తోంది.

జర్ర్ర్... అని బెల్టు లాగిన చప్పుడు. నింపాదిగా. మోకాళ్ళ నొప్పులున్న పెద్దమనిషి లాగినట్టు.

క్లిక్.

గంట ఆగిపోయింది.

"మంచి పని చేశావే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వెనకనుంచి గుసగుసగా జవాబొచ్చింది. "నాన్నా... ఈసారి నేను పెట్టలేదు."

గేరు రాడ్ మీద నా చెయ్యి ఉంది. ఆ చేతి కిందే రాడ్ కదిలింది. జారలేదు. పడింది. మూడో గేరు, ఇన్నాళ్ళూ నిలవని గేరు, గట్టిగా, దర్జాగా పడింది. ఇంజిన్ చప్పుడు లేదు. అయినా చక్రాలు తిరుగుతున్నాయి. ఎత్తుమీదకి... మెల్లగా... ఆ చీకట్లోకి.

బ్రేకు తొక్కాను. కాలు కిందకి దిగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగాను. ఆగలేదు. తలుపు తీసుకుని కిందకి దూకి, వెనకనుంచి చుట్టూ తిరిగి, పిడుగు వైపు తలుపు లాగాను. తెరుచుకుంది. నడుస్తున్న బండి పక్కనే నడుస్తూ, లోపలికి వంగి, పిల్ల బెల్టు మీట నొక్కాను.

ఊడలేదు.

రెండు బొటనవేళ్ళతో నొక్కాను. ఊడలేదు.

"నాన్నా... బిగుస్తోంది."

జేబులో కళ్ళజోళ్ళ మరలు తిప్పే చిన్న స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని గుచ్చాను. వంగిపోయింది. పిడుగు ఏడవడం లేదు. ఏడవాలంటే ఊపిరి కావాలి. బెల్టు దాన్ని సీటులోకి అదిమేస్తోంది. పక్క సీట్లో రెండో బెల్టు, చీకట్లో కూడా కనిపిస్తోంది, వంపు తిరిగి... ఒకసారి ముందుకి... ఒకసారి వెనక్కి... ఊపిరి తీస్తున్నట్టు.

నాకు మంత్రాలు రావు. ధైర్యం అంతకన్నా రాదు. వచ్చింది ఒక్క మర్యాదే.

"అయ్యా... మీరెవరో నాకు తెలీదు. పిల్లండీ. వాళ్ళమ్మ వానలో ఎదురుచూస్తోంది. పిల్లని వదిలెయ్యండి."

చక్రాలు ఆగలేదు. నా కాళ్ళలో ఓపిక అయిపోతోంది. అప్పుడు, నేను ఆలోచించి అన్నది కాదు, తలుపు పట్టుకున్న అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది...

"మేం వెళ్ళొస్తామండీ."

బండి ఆగింది.

నా వేళ్ళ కింద, నేను నొక్కకుండానే, క్లిక్.

పిడుగుని భుజాన వేసుకుని, వచ్చిన దారినే పరిగెత్తాను. పరిగెత్తానని గొప్పగా అంటున్నాను కానీ, నా నడుముతో అది ఏడుస్తూ నడవడమే. దూరంగా వాన తెల్లగా కనబడింది.

పిడుగు నా భుజం మీంచి వెనక్కే చూస్తోంది.

"ఆయన బెల్టు విప్పుకోలేదు నాన్నా," అంది చెవిలో.

దాని తల నా మెడకి అదుముకుని, వానవైపే నడిచాను.

మర్నాడు బండిని లాక్కొచ్చి షెడ్డులో పెట్టాక సర్జన్ ఫోన్ చేశాడు. ఇంజిన్ పట్టేసింది, గేర్‌బాక్స్‌లో పళ్ళన్నీ అరిగి ముద్దయిపోయాయి, ఇక తుక్కుకే.

"ఒక్క మాట సార్. వెనక సీటు బెల్టు ఎవరు పెట్టారు? ఎంతకీ ఊడకపోతే కోసేశాం." గొంతు తగ్గించాడు. "కొయ్యగానే బండి లేచింది సార్."

"లేవడమేంటి?"

"మనిషి దిగితే స్ప్రింగుల మీద లేస్తుంది చూడండి... అలా."

ఈసారి అతను విప్పి చూడాలి అనలేదు.

అమ్మినావిడకి ఫోన్ చేశాను. పోట్లాడదామనే చేశాను. ఆవిడ అంతా విని, ఒక్కటే అడిగింది.

"దిగేటప్పుడు ఏమన్నారు?"

"వెళ్ళొస్తామన్నాను."

అటునుంచి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"నేనూ అలాగే అనేదాన్నండీ మొదట్లో," అంది. "వస్తామన్నవాళ్ళ కోసం కాచుక్కూచోరు. వెతుక్కుంటూ వచ్చేస్తారు."

"ఎవరండీ?"

ఆవిడ చెప్పేలా లేదు. ఇంకేమనాలో తోచక, ఫోన్ పెట్టేసేముందు అందరం అనేదే అన్నాను. "ఉంటానండీ."

"ఉండకండి," అని పెట్టేసింది.

అప్పట్నుంచీ అద్దం ముందు సాధన చేస్తున్నాను. 'వెళ్తాను. వెళ్తున్నాను. ఇక వెళ్తాను.' మా ఆవిడ పళ్ళు తోముకుంటూ విని, "అపశకునం మాటలేంటండీ పొద్దున్నే, ఆఖరి చూపులకొచ్చినట్టు?" అంది. అదే కదా చిక్కు. 'వెళ్తాను' అంటే మన చెవికి మనిషి మరి రాడనే వినిపిస్తుంది. అందుకే మనవాళ్ళెవరూ అనరు. కారు అమ్మినావిడ ఒక్కతే, 'రండి' కలపకుండా, ఉత్త 'వెళ్ళండి' అంది. ఎంతకాలం సాధన చేసి అందో.

ఇప్పుడు బస్సుల్లోనే తిరుగుతున్నాం. బస్సులో బెల్టులుండవు. కానీ మొన్న మా ఆవిడకి జ్వరమొస్తే ట్యాక్సీ పిలవక తప్పలేదు. తనని ముందు సీట్లో కూర్చోబెట్టి, నేనూ పిడుగూ వెనక ఎక్కాం. కిటికీ దగ్గర నేను, మధ్యలో పిడుగు. ముగ్గురం బెల్టులు పెట్టుకున్నాం.

టింగ్... టింగ్...

"వెనకాల ఇంకొకరు పెట్టుకోవాలండీ," అన్నాడు డ్రైవర్, తిరిగి చూడకుండా.

పిడుగు నావైపు చూసింది. పక్కకి వంగి, అటువైపు ఖాళీ సీటు బెల్టు లాగి పెట్టింది. తర్వాత నాకేసి కాస్త జరిగి కూర్చుంది, ఇరుకైనట్టు.

ఇంటి ముందు దిగేటప్పుడు పెదాలు గట్టిగా బిగించే ఉంచాను. మా ఆవిడని దింపాను, పిడుగుని దింపాను, తలుపు పట్టుకున్నాను. నా నోరు అనేసింది, "వెళ్ళొస్తామండీ."

"మంచిది."

డ్రైవరే అన్నాడేమోనని చూశాను. అతను అద్దం దించుకుని, ఫోన్‌లో ఎవరితోనో అడ్రసు గురించి అరుస్తున్నాడు.

ఇంజిన్ల గురించి ఈమధ్య కొంచెం నేర్చుకున్నాను. క్లచ్ పోతే ఏ వాసన వస్తుందో, గేరు పళ్ళు అరిగితే ఎలా మూలుగుతుందో చెప్పగలను. 'వెళ్తాను' అని ఊరుకోవడం మాత్రం నాకింకా రాలేదు.