గుమ్మం బయట ఒక పేరు

వకుళ పొయ్యి దగ్గరకు వెళ్ళేసరికే వంటగది గోడ పలికింది. "నిన్న మీకు నిద్ర తక్కువైంది. మోకాలి తైలం మధ్యాహ్నానికి వస్తుంది."

తైలం కావాలని వకుళ ఎవరితోనూ అనలేదు. మెట్లు దిగేటప్పుడు ఆమె అడుగు తడబడడం అన్వేషి గమనించింది. కాకినాడలో ప్రతి ఇంటి గోడలోనూ, ప్రతి మనిషి మణికట్టు మీది పలకలోనూ అన్వేషి ఉండేది. మనుషులు తమంతట తాము వెతుక్కోవడం మానేసి ఒక తరం గడిచింది. ఎవరికి ఏది కావాలో అదే ముందుగా వెతికి ముందుంచేది.

తలుపు చప్పుడైంది. వకుళ వెళ్ళి తీసింది. బయట ఒక యువతి చెప్పులు విప్పకుండానే నిలబడి ఉంది.

"మీరు వకుళక్కేనాండీ? నేను గోరింకనండీ."

వకుళ ఆమెను చూడడం అదే మొదలు. మాటలు మాత్రం ఏళ్ళుగా తెలుసు. పూర్వం వెబ్‌సైట్లనేవాటిని ఇప్పుడు గూళ్ళంటున్నారు. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళ కోసం వకుళ 'నిలకడ' అనే గూడు నడుపుతోంది. ఆమె తమ్ముడు ఆ జబ్బును అందరి దగ్గరా దాచుకుంటూ, చివరకు ఎవరూ లేని గదిలో పోయాడు. అలా దాచుకునేవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక చోటుండాలని ఆమె దాన్ని కట్టింది. అక్కడ అందరికీ పిట్టల పేర్లే.

"లోపలికి రామ్మా. కూర్చో."

"కూర్చోనండీ. ఒక్క మాట అడిగి పోతాను." గోరింక గొంతు నెమ్మదిగానే ఉంది. "నా సంబంధం తప్పిపోయింది. నిశ్చితార్థం అవగానే రెండిళ్ళ అన్వేషినీ కలిపేస్తారు కదండీ. ఆ మర్నాడే మా అత్తగారు కావలసినావిడ ఇంట్లో గోడ మాట్లాడిందట. 'మీ కోడలికి మూర్ఛ వచ్చినప్పుడు ఏం చేయాలో తెలుసుకుంటారా' అని. ఎంతో మర్యాదగా అడిగిందట."

వకుళ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మందులు కూడా మా అమ్మ పేరునే కొంటామండీ. ఆ మాట నేను మీ గూట్లో తప్ప ఎక్కడా ఎత్తలేదు. మరి ఎలా తెలిసింది?"

వకుళ గుమ్మంలోనే గోరింక పక్కన నిలబడి, తన పలకలో గూటి కట్టుబడి అంతా విప్పి చూసింది. పాత సంభాషణలు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని ఆమె అందులో ఒక వెతుకుపెట్టె అమర్చింది. అన్వేషి వాళ్ళు ఉచితంగా ఇచ్చినదే. పేజీ తెరిచిన ప్రతివాళ్ళ పలకకూ ఆ పెట్టె కాస్త జాడపొడి అంటిస్తోంది. వాళ్ళు పెట్టెను ముట్టుకోకపోయినా సరే. పిట్ట పేరుతో వచ్చిన మనిషి వెనకాలే ఆ పొడి ఇంటిదాకా పోయి, ఆ మనిషి ఎవరో అన్వేషికి చెబుతోంది.

"నేనే పెట్టానమ్మా దాన్ని," అంది వకుళ.

గోరింక వెనక్కి తిరిగింది. వెళ్తూ వెళ్తూ, "నా పేరు ధాత్రండీ. ఇంక దాచేదేముంది," అంది.

ఆ వారమంతా వకుళ గూటిని శుభ్రం చేసింది. వెతుకుపెట్టె తీసేసింది. అలాగే జాడ అంటించే వాటన్నిటినీ, ఎంతమంది వచ్చారో చెప్పే లెక్కింపు పలకనూ, బయటి నుంచి తెచ్చుకున్న బొమ్మల్నీ, అక్షరరూపాల్నీ తీసేసింది. ఎవరు వచ్చినా, ఏం చదివినా ఆనవాలు మిగలకుండా చేసింది. ఆఖరుగా గుమ్మానికి నిషేధ ఫలకం తగిలించింది. అది ఉన్నచోట అన్వేషి అడుగు పెట్టరాదని చట్టం. అన్వేషి ఇక దారి చూపదు కనుక లోపల ఉన్నవాళ్ళు గూటి చిరునామాను బట్టీపట్టారు. చాలామందికి జీవితంలో అదే మొదటిసారి. పిట్టలు మళ్ళీ ధైర్యంగా మాట్లాడుకోసాగాయి. ధాత్రి కూడా తిరిగి వచ్చింది.

వానాకాలంలో గూట్లో ఒక కొత్త గొంతు వినిపించింది. తుని దగ్గర నుంచి, పేరు నూకరత్నం. గూటిలో ఉండే ఒక నర్సు ఆమెకు చిరునామా నోటితో చెప్పిందట.

"మా అబ్బాయి గిరిబాబుకి తొమ్మిదో ఏడండి. ఏసంగిలో ఫిట్సు మొదలైనాయి. గోడనడిగితే తాయెత్తులోళ్ళని, పసరు మందులోళ్ళని చూపించింది. అన్నీ చేయించాను. మొన్న మళ్ళీ వచ్చినప్పుడు అందరూ కలిసి పళ్ళు విడదీసి నోట్లో నీళ్ళు పోశారు. నేనూ పట్టుకున్నానండి. ఊపిరాడక పోయాడు."

నూకరత్నమే మళ్ళీ అడిగింది.

"మీ మొదటి పేజీలో రాసుందంట కదండి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు అని. నిన్న నర్సమ్మగారు చదివి వినిపించారు. అంత చిన్న మాటండి. అప్పుడు నేనెంత అడిగినా మీరు కనబడలేదేంటండి?"

ఆ మాట ఉన్న గుమ్మం మూసింది వకుళ చేతులే. ఆమె అదే చెప్పింది. నూకరత్నం ఆమెను తిట్టలేదు. "అలాగాండి," అని మాత్రం అంది.

మర్నాడు వకుళ ఆ మొదటి పేజీ ఒక్కదాన్నీ గుమ్మం బయట, అన్వేషికి కనబడేలా తన పేరుతో నిలబెట్టింది. అది అన్వేషి చూపే తాయెత్తుల పేజీల అడుగున ఎక్కడో పడిపోయింది. ఆ జబ్బును అనుభవించినవాళ్ళ మాటే అన్వేషి పైకి తెస్తుంది. అసలు పేరుండాలి, వెనక ఆ మనిషి బతుకు జాడ ఉండాలి. తాయెత్తులవాళ్ళ దగ్గర అలా చెప్పేవాళ్ళు బోలెడుమంది. జబ్బు లేని వకుళ మాటకు విలువ లేదు. పిట్టల పేర్లకు అసలే లేదు.

ఆ సాయంత్రం ధాత్రి వచ్చింది. ఈసారి చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చుంది.

"ఆ పేజీకి నా పేరు పెట్టండక్కా."

"వద్దమ్మా. ఒకసారి జరిగింది చాలు."

"ఒకసారి జరిగింది కాబట్టే అంటున్నాను. అన్వేషికి నా సంగతి ముందే తెలుసు కదా."

"దానికీ, ఆ ఇంటివాళ్ళకీ తెలుసు. పేరు పెడితే ఊరందరికీ తెలుస్తుంది. నువ్వు పనిచేసే బడివాళ్ళకీ తెలుస్తుంది. అది మళ్ళీ వెనక్కి తీసుకునేది కాదు."

"ఆ తల్లి గొంతు మీరు విన్నారు, నేనూ విన్నాను. ఇంకొకరు అలా అడిగితే ఏం చెబుదాం?"

వకుళ ఎంత వాదించినా ఆమె కదల్లేదు. ఎవరి ఆనవాలూ మిగలకుండా గూడంతా శుభ్రం చేసిన మనిషే, ధాత్రి పూర్తి పేరు, ఊరు, జబ్బు తన చేత్తో రాసి గుమ్మం బయట పెట్టింది. ముగించాక ధాత్రి ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని పట్టుకుంది.

ధాత్రి పసిపిల్లల బడిలో పాటలు నేర్పేది. పేజీ వెలువడిన కొన్నాళ్ళకే తల్లిదండ్రులు రావడం మొదలుపెట్టారు. ఎవరూ కటువుగా మాట్లాడలేదు. పిల్లలు భయపడతారేమో అన్నారు. బడివాళ్ళు ఆమెను తరగతి నుంచి తప్పించి బొమ్మలు సర్దే గదిలో వేశారు. పక్క గదిలో కొత్త పంతులమ్మ పాట తప్పు పాడుతుంటే ఆమె వింటూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం ఆ గదిలోంచే వకుళతో మాట్లాడింది.

"అక్కా, ఆ పేజీ చూసి ఎవరైనా వచ్చారా?"

కావలసిన ఆ ఒక్క వాక్యం చదువుకుని, మాటాడకుండా వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఎవరో, ఎందరో, అసలు ఉన్నారో లేదో తెలిసే దారులన్నీ వకుళే తెంపేసింది. ఎవరిని పంపిందో అన్వేషి ఒక్కదానికే తెలుసు.

"తెలీదమ్మా. లెక్కింపు పలక మళ్ళీ పెడితే తెలుస్తుంది. ఒక్క రోజు పెట్టి తీసేస్తాను. చెప్పు."

అటువైపు పిల్లల పాట వినబడుతోంది.

"వద్దక్కా. వచ్చినవాళ్ళ వెనకాల అది పడుతుంది."

"మరి నీకెలా తెలుస్తుంది?"

"ఒక్కరైనా వచ్చుంటారు కదండీ," అంది ధాత్రి.

అవునని అనబోయింది వకుళ. ఆ పిల్లతో తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడానికి నోరు రాలేదు. ఇద్దరూ పక్క గదిలోని పిల్లల పాట అయిపోయేదాకా వింటూ ఉండిపోయారు.