పద్నాలుగు పాయింట్ల మనిషి

పదివేల సార్లు ఆడిస్తే తొమ్మిది వేల సార్లు ఒంగోలు జట్టు ఓడిపోయింది. నిజం మ్యాచ్‌లో మాత్రం అదే జట్టు, అదే గ్రౌండ్‌లో, అదే వానలో ఒక గోల్ తేడాతో గెలిచింది. డాక్టర్ నిరుపమ కంప్యూటర్ స్క్రీన్ మీద ఆ లెక్కని మళ్లీ మొదటినుంచి సరిచూసుకుంది.

ఆమె తయారుచేసిన యంత్రం పేరు 'తూనిక'. జరిగిపోయిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ని అది అవే ఆటగాళ్లతో, అవే గాయాలతో మళ్లీ మళ్లీ ఆడిస్తుంది. జట్టుని ఆడించే మేనేజర్‌ని ఒక్కణ్ణి మాత్రం తీసేసి, అతని చోట ఒక సగటు మేనేజర్‌ని పెడుతుంది. అసలు ఫలితానికీ, ఈ ఫలితానికీ ఉన్న తేడాయే ఆ మేనేజర్ సొంత సంపాదన. డబ్బు పోసి కొన్న ఆటగాళ్ల ప్రతిభ అందులోకి రాదు.

2058 సీజన్ నంబర్లు బయటికొచ్చేసరికి లీగ్ అంతా గగ్గోలు పుట్టింది. మూడుసార్లు కప్పు గెలిచిన హైదరాబాద్ మేనేజర్ విక్రాంత్ వాటా సున్నా. ఒంగోలు మేనేజర్ ఇలియాస్ వాటా, సీజన్ మొత్తం మీద జట్టు తెచ్చుకున్నవాటిలో పద్నాలుగు పాయింట్లు. అతను కర్నూలులో ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు, పెద్ద జట్లకి ఎన్నడూ ఆడినవాడు కాదు. ఇకనైనా అతనికి మంచి ఆటగాళ్లను ఇస్తారని నిరుపమ సంతోషించింది.

ఒంగోలు జట్టు యజమాని పోలిశెట్టి వేరేలా ఆలోచించాడు. పద్నాలుగు పాయింట్లు ఇలియాసే తెస్తుంటే గోల్స్ కొట్టే ఖరీదైన స్ట్రైకర్ దండగ అని అతన్ని అమ్మేశాడు. ఆ తర్వాత మంచి డిఫెండర్‌నీ అమ్మేశాడు. హైదరాబాద్‌లోనేమో, మేనేజర్ వల్ల ఏమీ ఒరగడం లేదు కాబట్టి ఇంకో ఇద్దరు స్టార్లను కొన్నారు.

నిరుపమ ఒళ్లు మండి ఒంగోలు వెళ్లింది. పోలిశెట్టి మర్యాదగా కాఫీ ఇప్పించి, ఆమె రిపోర్టునే ఆమెకి చదివి వినిపించాడు.

బయట గ్రౌండ్‌లో ఇలియాస్ రెండో గోల్‌కీపర్‌కి ఫార్వర్డ్ ఆట నేర్పుతున్నాడు. ఆమెను చూసి దగ్గరికొచ్చాడు.

"మేడమ్, నా నంబరు కాస్త తగ్గించి వేయగలరా?"

"అది నా చేతిలో లేదు ఇలియాస్ గారూ. ప్రతి మ్యాచ్‌నీ తూనికే లీగ్ కెమెరాల నుంచి నేరుగా లెక్కకట్టేస్తుంది."

"అయితే నేనే తగ్గించుకోవాలి."

తర్వాతి రెండు మ్యాచ్‌ల్లో అతను బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు, ఒక్క ఆటగాణ్ణీ మార్చలేదు. జట్టు రెండూ ఓడింది. అతని నంబరు దిగింది. పోలిశెట్టి కంగారుపడి గోవా నుంచి ఒక స్ట్రైకర్‌ని మాట్లాడాడు. సోమవారం సంతకాలు.

ఆదివారం మూడో మ్యాచ్. ఒంగోలు ఒక గోల్ వెనకబడింది. అరవయ్యో నిమిషం దాకా ఇలియాస్ కదల్లేదు. అప్పుడు, ఒంగోలు ఎడమ వైపు దాడిని ఆపాల్సిన ఎదుటి జట్టు రైట్ బ్యాక్ నడుం పట్టుకుని ఆయాసపడటం స్టాండ్‌లో ఉన్న నిరుపమకి కూడా కనిపించింది. ఇలియాస్ తల దించుకున్నాడు. మోకాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి మళ్లీ తలెత్తి చూశాడు.

అంతే, లేచి గీత దాకా పరిగెత్తాడు. "ఎడమ వైపే ఆడండి, వాడి పని అయిపోయింది."

ఇరవై నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. ఒంగోలు గెలిచింది. ఆటగాళ్లు అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు. కిందికి దిగాక అతను నేరుగా నిరుపమ దగ్గరికి వచ్చాడు. ముఖంలో గెలిచిన కళ లేదు.

"కనిపించింది మేడమ్. కనిపించాక ఎలా కూర్చోను?"

సోమవారం పొద్దున్నే పోలిశెట్టి గోవాకి ఫోన్ చేసి, స్ట్రైకర్ అవసరం లేదని చెప్పేశాడు.