పరాంకుశం మెడ కొలత

2091 నాటికి ‘ఇవాళ ఏం వండను?’ అన్న ప్రశ్న ఇళ్లలో చచ్చిపోయింది. వంటపెట్టె ముందు నాలుక చాపితే చాలు, లాలాజలంలో కోరికను పసిగట్టి అదే వండి పెడుతుంది. ఏడేళ్ల కేతకి నాలుక చాపితే మాత్రం రోజూ ఒకటే జవాబు: ‘కోరిక లేదు.’

రక్తంలో కేన్సర్. కీమో మొదలైనప్పట్నుంచి పిల్లకు అన్నమే పగైంది.

“అమ్మా, పప్పుచారు తుప్పు వాసనొస్తోందే. మేకులు చప్పరించినట్టుంది.”

తల్లి హైమావతి నాడీశాస్త్రవేత్త. ఆ మాట నమ్మింది. ఆమె పనిచేసే ఆసుపత్రి డైరెక్టరు, కేతకికి వైద్యం చేస్తున్న డాక్టర్ పరాంకుశం నమ్మలేదు.

“మొండితనం! నీ గారాబమే దాన్ని చెడగొట్టింది,” అని హైమను కసిరి, “చేతులు పట్టుకుని నోట్లో కుక్కండి,” అన్నాడు నర్సులతో. కుక్కారు. పిల్ల కక్కుకుంది. కక్కినందుకు మళ్లీ తిట్టాడు. బరువు ఇంకా తగ్గితే కీమో ఆపేస్తానన్నాడు. ఆపితే ఏమవుతుందో అతనికీ తెలుసు.

హైమ పళ్లు కొరికింది. వీడికి చెబితే ఎక్కదు. ఎక్కించాలి.

అలా పుట్టింది ‘అనుభూతి వాహిని’. రెండు మెడపట్టీలు. ఒకటి పిల్ల మెడలో, కడుపు నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడి సంకేతాలను పట్టి పంపుతుంది. రెండోది వాటిని ఇంకొకరి నాడిలో అచ్చంగా పలికిస్తుంది. వికారానికి నకలు తీసే యంత్రమని హైమ లెక్క.

“కొత్త పరికరం సార్. తొలి పరీక్ష మీలాంటి పెద్దల మీదే జరగాలి.”

పొగడ్తకు అతని మెడ దానంతటదే ముందుకొచ్చింది. మొదటి పట్టీ అప్పటికే పక్క మంచం మీది కేతకి మెడలో ఉంది. తాళం టక్కున పడింది. అది హైమ వేలిముద్రకే తెరుచుకుంటుంది.

పరాంకుశం గుటక వేశాడు. మొహం పాలిపోయింది. పక్కనున్న గిన్నెలోని పప్పుచారన్నం వాసనకే బేసిన్లో భళ్లున కక్కాడు.

“తియ్... తియ్యి హైమా!”

“మొండితనం సార్. ఓ ముద్ద నోట్లో కుక్కితే అదే అలవాటవుతుంది.”

“అమ్మా, ఆ గిన్నె ఇటియ్యవే. ఆకలేస్తోంది.”

హైమ గిర్రున తిరిగింది. కేతకి! యంత్రం నకలు తీయడం లేదు. వికారాన్ని పిల్లలోంచి తోడి అతనిలో పోస్తోంది. కేతకి ఒక ముద్ద తింది. ఇంకోటి తింది. వేళ్లు నాకింది. నెలల తర్వాత!

పరాంకుశానికీ అర్థమైంది. “కన్నతల్లివి కదే! నీ మెడకు కట్టుకో!”

హైమ చెయ్యి తాళం దాకా వెళ్లి ఆగింది. నిజమే. పట్టీని ఆ లావు మెడ కొలతకే కుట్టింది. తనకు వదులు. రెండు వేళ్ల మేర కత్తిరించి అతికిస్తే సరిపోతుంది. కత్తెర జేబులోనే ఉంది.

తీయలేదు.

“డాక్టరు తాతకేమైందమ్మా?” నోటినిండా అన్నంతో అడిగింది కేతకి.

“ఏం లేదు, మారాం చేస్తున్నాడు. నువ్వు తిను,” అంటూ హైమ బేసిన్ని కాలితో అతనివైపు తోసింది.