చెమ్మ ఆరని గడ్డి

గడ్డివాము నడిమధ్య నుంచి పొగ లేస్తోంది. ఆరకుండా వేసిన గడ్డి లోపల ఉడికి దానంతటదే రాజుకుంటోంది. ఆ పొలం వాళ్లమ్మాయి కైన్వెన్ పైకెక్కి పంగలకర్రతో గడ్డిని కిందికి తోస్తోంది. అక్కడ పనికి పంపిన నెల్లో అనే ఇటలీ యుద్ధఖైదీ ఇంకో పంగలకర్రతో దాన్ని దూరంగా లాగి పరుస్తున్నాడు. పొద్దుటి నుంచీ ఇదే పని. ఇద్దరికీ చేతులు లేవడం లేదు.

"దిగిపో. కాళ్లు కాలతాయి," అన్నాడు నెల్లో.

"ఖైదీవి నువ్వు. ఆర్డర్లు నాకా?"

"సరే, కాలాక మోసుకెళ్తాను. దానికి ఆర్డర్ అక్కర్లేదు."

నవ్వొచ్చింది ఆమెకు. నవ్వే ఓపిక లేదు.

అంతలో ఖైదీల క్యాంపు లారీ వచ్చి ఆగింది. సార్జెంట్ హాబ్స్ దిగాడు.

"యుద్ధం రోజుల్లో పశువుల మేత తగలబెడితే ఊరుకోం. ఆరని గడ్డితో వాము వేయించిందెవరు? ఖైదీ అయితే ఈ పూటే ముళ్లకంచెలోకి పోతాడు. మళ్లీ ఏ పొలానికీ రాడు."

"నేనే," అన్నాడు నెల్లో.

"అబద్ధం," అంటూ కైన్వెన్ వాము మీంచి కిందికి జారి దిగింది. "మూడు వారాల కిందట, శనివారం, గడ్డిని పిడికిట్లో నలిపి చూసి ఇంకా ఆరలేదన్నది ఇతనే. వెయ్యమన్నది నేను."

"ఆమెకు గడ్డి సంగతి తెలీదు సార్."

"పుట్టినప్పట్నుంచీ ఇదే పని. నాకు తెలీదా?"

హాబ్స్ విసుగ్గా టోపీ తీశాడు. "ఒకరి కోసం ఒకరు జైలుకెళ్లేట్టున్నారు. నాక్కావాల్సింది ఒక్కరు. బెవన్ గారూ, కబురు పంపింది మీరే కదా, ఖైదీ పనేనని. ఇప్పుడు నా ఎదుట చెప్పండి."

కైన్వెన్ తండ్రి బెవన్ ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఊరి ప్రార్థనామందిరం చాపెల్‌లో పెద్ద ఆయన. ఆదివారం దేవుడి రోజని పొలంలో పుల్ల కూడా ముట్టడని వేల్స్ కొండల్లో ఆ చుట్టుపక్కలంతా పేరు.

"అతన్ని పంపేస్తే నేనూ ఆ కంచె దగ్గరే కూర్చుంటాను నాన్నా," అంది కైన్వెన్ మెల్లగా. "అతనంటే నాకిష్టం."

నెల్లో చేతిలోంచి పంగలకర్ర జారిపోయింది.

తండ్రి పొగకేసి చూశాడు. తర్వాత అలసటగా మెట్టు మీద కూర్చున్నాడు.

"సోమవారం వానొస్తుందన్నారు. మధ్యలో ఆదివారం. పని చెయ్యకూడదు. అందుకని శనివారమే గడ్డి వాము వేసెయ్యమని అమ్మాయి మీద అరిచాను. ఈ కుర్రాడు వద్దన్నాడు. ఖైదీ చెబితే నేను వినాలా అనుకున్నాను."

హాబ్స్ కాగితం తీశాడు. "అయితే ఎవరి పేరు రాయమంటారు?"

"వాణ్ణి ఇక్కడే ఉంచండి. అమ్మాయి అడిగింది," అన్నాడాయన. "తప్పూ, మీకు చెప్పిన అబద్ధమూ రెండూ నావే. రాసుకోండి. ఎమ్రిస్ బెవన్."