చివరి నలభై ఒక్క ఫ్రేములు

పైడిబాబు మెడ విరిచినవాళ్ళు ఆ పనిలో ఆరితేరినవాళ్ళు. బోయిగూడలో, పట్టపగలు, అపార్ట్‌మెంట్ మెట్ల మీద చిన్న అరుపు కూడా వినపడకుండా ముగించేశారు. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. కాలు జారినవాడి గొంతు మీద వేళ్ళ గుర్తులెందుకున్నాయని ఎవరూ అడగలేదు. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు పంపే మనిషి చస్తే అంత శ్రద్ధ ఎవడికి?

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు ఏజెంట్ యుగంధర్ మోండా మార్కెట్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్టు ముందు ఆగాడు.

"మూత లేని కుక్కర్ ఉందా?"

"విజిల్ లేనిదే ఉంది. పైకి పోండి," అన్నాడు కొట్టువాడు.

మేడ మీద గదిలో చీఫ్ సదాశివ కిటికీ మూసి కూర్చున్నాడు.

"ఐజాక్ గుర్తున్నడా?"

ఐజాక్‌దీ యుగంధర్‌దీ ఒకే బ్యాచ్. నాలుగేళ్ళుగా ఐజాక్ శత్రుదేశపు రేవులో, మారుపేరుతో క్రేన్ మెకానిక్‌గా బతుకుతున్నాడు.

"గీ సాయంత్రం ఆరు గంటలకు ఐజాక్ అసలు పేరు, అడ్రసు వాళ్ళ చేతికి పోతయి. ఆరున్నరకల్లా మనోడు శవం."

"తప్పుకొమ్మని చెప్దాం సార్."

"వారానికి ఒక్కసారే కాంటాక్ట్. ఈ వారంది మొన్ననే అయిపోయింది."

"ఎట్ల పంపుతున్నరు?"

"వీడియో గేమ్ పోటీల," అన్నాడు సదాశివ. ఆ మాట అనడానికి ఆయనకే సిగ్గేసినట్టుంది.

పాతకాలపు గేమ్‌ని కంప్యూటర్ మీద ఒక్కో ఫ్రేమ్ చొప్పున నడుపుతారు. సెకనుకు అరవై ఫ్రేములు. తప్పు పడితే వెనక్కి వెళ్ళి మళ్ళీ నొక్కుతారు. ఏ ఫ్రేమ్‌లో ఏ బటన్ నొక్కారో రాసి ఉన్న ఫైలే పోటీకి పంపాలి. ఎవరి ఫైల్ తక్కువ ఫ్రేముల్లో ఆటని గెలిస్తే వాళ్ళదే గెలుపు. ఇరవై ఏళ్ళ కిందట ఈ పోటీ ఒక ఫోరమ్‌లో పదిమంది పిచ్చోళ్ళతో మొదలైంది. అప్పట్లో ఫైళ్ళు అందరి ముందే పెట్టేవారు. నా ట్రిక్ నువ్వు కొట్టేశావంటే నువ్వు కొట్టేశావని కుమ్ములాటలయ్యాక రూల్ మారింది. గడువు దాకా ఫైళ్ళన్నీ రహస్యం. గడువు తీరిన క్షణాన అన్నీ ఒకేసారి ప్రపంచానికి విడుదల. ఎవరైనా దించుకోవచ్చు, ఎవరు దించుకున్నారో ఎవరికీ తెలియదు. గూఢచారులకు ఇంతకంటే మంచి పోస్టాఫీసు ఎక్కడ దొరుకుతుంది?

"సచ్చిపోయిన పైడిబాబు టీముల గా పేరు దాచిన ఫైల్ ఉంది," అన్నాడు సదాశివ. "ఇంట్ల చెల్లెలొక్కతే ఉంది. పో."

నాలుగున్నరకు కేబుల్ చుట్ట భుజానేసుకుని, ఇంటర్నెట్ మెకానిక్ వేషంలో యుగంధర్ ఆ ఫ్లాట్ తలుపు తట్టాడు. చెల్లెలు లోవలక్ష్మి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆమెకు అతను నిజమే చెప్పాడు. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

ఆమె అన్నయ్య కంప్యూటర్ తెరిచింది.

"ఇదిగోండి, చివర చూడండి. ఇక్కడితో ఆట గెలిచిపోయినట్టే. ఇంకేటీ నొక్కక్కర్లేదు. కానీ టీము కెప్టెన్ ఇంకా నలభై ఒక్క ఫ్రేములు బటన్లు నొక్కీసింది. ఆఖరి బటన్ దాకా టైం లెక్కేస్తారండి. ఒక్క ఫ్రేమ్ కోసం నెల్లాళ్ళు కొట్టుకునేవాళ్ళు ఇలా చేస్తారేటి? తప్పయిందనుకుని అన్నయ్య తీసీసేడు. తీసీసేనక్కా అని మెసేజ్ కూడా పెట్టేడు."

ఎనిమిది బటన్లు. ఏవి నొక్కారు, ఏవి వదిలేశారు అన్నది చూస్తే ఒక్కో ఫ్రేమూ ఒక్కో అక్షరం. నలభై ఒక్క అక్షరాల్లో ఐజాక్ పేరూ, అడ్రసూ. ముప్పావు సెకను కూడా లేని టైం మిగిల్చినందుకు పైడిబాబు ప్రాణం పోయింది.

"ఈ కెప్టెన్‌ని మీరు చూసిన్రా?"

"లేదండి. ఆన్‌లైన్‌లోనే. అన్నయ్య పోయేక మళ్ళీ పాత ఫైలే ఎక్కించింది."

"మనం కొత్తది ఎక్కించొచ్చా?"

"టీములో ఎవరైనా ఎక్కించొచ్చు. ఆఖరిదే లెక్క. కానీ ఎక్కిస్తే ఆవిడికి మెయిల్ పోతాది. నిమిషంలో మళ్ళీ మార్చీగలదు."

"అయితే ఆఖరి సెకండ్ల చేద్దాం."

"అన్నయ్యదే పెట్టేస్తాను. అదే ఫస్ట్ వస్తాది."

యుగంధర్ తల అడ్డంగా ఊపి, జేబులోంచి కాగితం తీసి రాశాడు. సరిగ్గా నలభై ఒక్క అక్షరాలు. ఆ ఫైల్ కోసం కాచుకున్న శత్రుముఠాలోనే నంబర్ టూ పేరు, అడ్రసు. సందేశమే లేకపోతే వాళ్ళు రేపు ఇంకో దారిన పంపుతారు. ఇది చేరితే గూఢచారి వాడేననుకుని ఐజాక్ జోలికి రారు.

లోవలక్ష్మికి కోపంతో ముఖం ఎర్రబడింది. "తీసినందుకు అన్నయ్యని చంపేరు. అవి మళ్ళీ నేనే పెట్టాలేటి?"

"జెర మా ఐజాక్ కోసం అమ్మా."

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది.

ఐదు యాభై ఏడు. తలుపు తోసుకుని సెంటు వాసనతో పాటు ఒక స్త్రీ లోపలికి వచ్చింది. ఖరీదైన కళ్ళద్దాలు. ఒక చేతిలో ఫోన్, మరో చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"పైడిబాబు చనిపోయినా ఆన్‌లైన్‌లో ఉన్నాడేంటా అనుకున్నా. కంప్యూటర్ వదిలేయ్ పాపా."

బల్ల కింద వైరు బిగిస్తున్న యుగంధర్ లేచి నిలబడ్డాడు. కల్పలత! మారేడ్‌పల్లిలో ఖరీదైన ఫ్లాట్‌లో ఉంటూ మూడేళ్ళుగా తనకు రహస్యాలు చేరవేస్తున్న సొంత ఇన్‌ఫార్మర్.

"నువ్వా? ఐజాక్ సంగతి నీకెట్ల తెల్సింది?"

"నువ్వే చెప్పావు యుగంధర్. బ్యాచ్ ఫోటో చూపించి మరీ. నా దోస్తు అని ఎంత మురిసిపోయావో."

ఆ మాట బుల్లెట్ కంటే లోతుగా దిగింది. ఐజాక్‌ని అమ్మింది ఆమె కావచ్చు, పేరు అందించింది మాత్రం తనే.

ఐదు యాభై తొమ్మిది. లోవలక్ష్మి వేలు కీ మీద ఉంది. ఇంకో ఇరవై సెకన్లు ఆగి నొక్కింది. కల్పలత ఫోన్ టింగుమంది.

"ఎక్కించావా?" కల్పలత నవ్వింది. "పాతది మళ్ళీ పెట్టడానికి నాకు ఒక్క బటన్ చాలు."

యుగంధర్ జేబులోని పెన్ను క్యాప్ నొక్కాడు. అది జామర్. ఫోన్‌లో సిగ్నల్ గీతలు చచ్చిపోయాయి. కల్పలత తెరని రెండుసార్లు పొడిచింది, తర్వాత పిస్టల్ ఎత్తింది. అతను మీదికి దూకాడు. గుండు అతని భుజాన్ని చీల్చుకుపోయింది. ఆమె మణికట్టు విరిగిన చప్పుడు గదంతా వినపడింది.

ఆరు గంటలు. ఫైళ్ళన్నీ విడుదలయ్యాయి.

లోవలక్ష్మి కింద పడివున్న కల్పలత దగ్గరికి వచ్చింది. "అన్నయ్య నిన్ను అక్కా అనీవాడు," అంది.

మర్నాడు మధ్యాహ్నం భుజానికి కట్టుతో యుగంధర్ అక్కడే ఉండగా సదాశివ ఫోన్ చేశాడు.

"ఐజాక్ సేఫ్. వాళ్ళ నంబర్ టూని వాళ్ళే లేపేసిన్రు. గెలిచినమని గా పిల్లకు చెప్పు."

యుగంధర్ చెప్పాడు. లోవలక్ష్మి అప్పుడే వచ్చిన పోటీ ఫలితాలు చూస్తోంది.

"లేదండి, సెకండ్," అంది. "పదకొండు ఫ్రేముల తేడాలో పోయింది."