సగం కోసిన తీగ

నన్ను అడక్కుండా మా మనవరాలు నా తీగ కోసింది. అది తప్పు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం కోళ్ల మేత కొనుక్కుని ఇంటికొచ్చాను. వంటగదిలో మాడిన గడ్డి వాసన. మూలనున్న చెక్కపెట్టె మూత తీసి ఉంది. గడుగ్గాయి నేలమీద కూర్చుని ఉంది. పదేళ్ల మనవరాలిని ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం. ఒళ్లో తువ్వాలు, అందులో ఐదు గుడ్లు. చేతిలో కటింగ్ ప్లేయరు.

అవి మా ఆవిడ పెంచిన కోడి గుడ్లు. ఆవిడ పోయింది. పొదుగుతుండగా మధ్యలోనే కోడీ పోయింది. మిగిలింది ఆ ఐదే. అందుకే పెట్టె కట్టాను. లోపల గడ్డి, థర్మామీటరు, పక్కన హీటరు తీగ. బయట పన్నెండు వోల్టుల బ్యాటరీ.

"పెట్టెలో వేడి ఎక్కువైంది తాతా. తగ్గిద్దామని..."

"తగ్గిద్దామని?"

"తీగ సగానికి కోశాను. సగం తీగకి సగం వేడే కదా. కలపగానే ఎర్రగా అయిపోయింది. వెంటనే బ్యాటరీ పీకేసి గుడ్లు తీశాను."

"మూత కాస్త ఎత్తితే సరిపోయేది."

"అది తట్టలేదు."

"కటింగ్ ప్లేయరు మాత్రం తట్టింది."

గడుగ్గాయి తల వంచుకుంది. నేను ఓదార్చలేదు.

అప్పుడే దాని తల్లి, మా అమ్మాయి, పని నుంచి వచ్చింది. అది లిఫ్టులు బాగుచేస్తుంది. సంగతి విని కర్టెన్ వేసింది. ఒక్కో గుడ్డు వెనక టార్చి పెట్టింది. లోపల ఎర్రటి నరాలు, నల్లటి నీడ. మూడింటిలో నీడ కదిలింది. రెండింటిలో ఏమీ తెలియలేదు.

"బతుకుతాయా అమ్మా?"

"చల్లారిపోకముందే పెట్టె సరిచేస్తే చూద్దాం. నాన్నా, కోయని తీగ ఇంకోటి ఉందా?"

ఇచ్చాను. మా అమ్మాయి దాన్ని బ్యాటరీకి కలిపి మీటరు పెట్టింది.

"వోల్టులు పన్నెండు. కరెంటు రెండు ఆంపియర్లు. భాగించు."

"ఆరు."

"ఆరు ఓములు. కరెంటుని ఈ తీగ ఎంత అడ్డుకుంటుందో ఆ లెక్క. ఇప్పుడు పన్నెండుని రెండుతో గుణించు."

"ఇరవై నాలుగు."

"ఇరవై నాలుగు వాట్లు. అది వేడి లెక్క. సగం కోశావు. అడ్డు ఎంతయింది?"

"మూడు ఓములు. పన్నెండు బై మూడు... నాలుగు ఆంపియర్లు. గుణిస్తే నలభై ఎనిమిది." గడుగ్గాయి నోరు తెరిచింది. "సగం కోస్తే రెట్టింపా? ఇదేం న్యాయం?"

"న్యాయం కాదు, లెక్క," అన్నాను.

"అడ్డు తగ్గితే కరెంటు ఎగబడుతుంది," అంది వాళ్లమ్మ. "బడి గేటు తెరిస్తే మీరంతా ఎగబడినట్టు."

కోయని తీగని అవసరానికి దాచి, తల్లీకూతుళ్లు కోసిన రెండు ముక్కలనీ చిన్న పింగాణీ కనెక్టరుతో కలిపారు. మళ్లీ ఆరు ఓములు. మాడిన గడ్డి తీసి కొత్తది పరిచాం. గుడ్లు లోపలికి వెళ్లాయి. ఈసారి మూత కాస్త ఎత్తి ఉంచాం. ఆ రోజు నుంచి గడుగ్గాయి బడికి వెళ్లేముందు థర్మామీటరు చూసేది, వచ్చాక చెప్పులు విప్పకుండానే చూసేది.

ఒక ఉదయం పెట్టెలోంచి కియ్ కియ్‌మని వినిపించింది. పళ్లు తోముకుంటున్న గడుగ్గాయి నురగ నోటితోనే పరుగెత్తుకొచ్చింది. సాయంత్రానికి నాలుగు పిల్లలు. ఐదో గుడ్డు పగల్లేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఒక పిల్ల వచ్చి నా కాలి బొటనవేలిని పొడిచి చూసింది. తినడానికి పనికిరాదని వదిలేసింది. గడుగ్గాయి పొట్ట పట్టుకుని నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం పక్కింటి టైలరమ్మ చూడ్డానికి వచ్చింది. పిల్లలు తీగకి దూరంగా, ఒక మూల నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి.

"పాపం, ఉడికిపోతున్నాయే. ఆ తీగ కాస్త పొట్టి చెయ్యి," అంది టైలరమ్మ.

"పొట్టి చేస్తే ఇంకా ఉడుకుతాయి అత్తా."

"ఇదెక్కడి విడ్డూరమే."

గడుగ్గాయి ముందు మూత పూర్తిగా ఎత్తింది. బ్యాటరీ వైరు తీసేసింది. కటింగ్ ప్లేయరు వైపు చూడలేదు. టైలరమ్మ దగ్గర సుద్దముక్క తీసుకుని నేలమీద లెక్క వేసింది. ఆరూ ఆరూ పన్నెండు ఓములు. పన్నెండు వోల్టులకి ఒక ఆంపియరు. పన్నెండు వాట్లు.

"తాతా, రెండో తీగని దీని చివర కలిపితే వేడి సగమవుతుంది. లెక్క చూసి చెప్పు. నువ్వు ఊఁ అంటేనే కలుపుతా."

కింద కూర్చుని ప్రతి అంకె చూశాను. తప్పు దొరకలేదు.

"ఊఁ," అన్నాను.

కాసేపటికి పిల్లలు నోళ్లు మూశాయి. పెట్టె అంతా తిరిగి, చివరికి తీగ పక్కనే ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోయాయి.

టైలరమ్మ వంగి చూసింది. "బాబాయ్, తీగ మధ్యలో ఈ అతుకేంటి? ఎవరు కోశారు?"

గడుగ్గాయి ముఖంలో నవ్వు మాయమైంది. నా వైపు చూసింది.

"నువ్వు చూడ్డానికి వచ్చింది పిల్లల్నా, తీగనా?" అన్నాను.

ఇప్పుడు మీకు చెప్పాను, ఇదే ఆఖరు. ఆ తీగ సంగతి ఇక ఎవరడిగినా ఎత్తను.